మూసిన కన్ను ఖాళీ కాదు

పోయిన నెలలో మా పెద్దమ్మ పోయింది. ఏ వేళకు పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చుని, ఒళ్లో వల పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. పెద్దనాన్న తెప్ప మీద వేటకు వెళ్లినప్పుడల్లా ఆమె అలాగే కూర్చునేది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పక్కనే చేపలు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్లు ఆమెతో కబుర్లు కూడా చెప్పారట. జవాబు రాకపోయినా పట్టించుకోలేదట. కళ్లు మూసుకుని ఉన్నప్పుడు ఆమె సగం మాటలకే బదులిచ్చేది. చివరికి ఒకామె చూసింది. చీమల బారు ఒకటి పెద్దమ్మ మెడ మీదుగా, చెంప మీదుగా పైకి పాకి కంటి కొసన ఆగి ఉంది. పెద్దమ్మ చెయ్యెత్తి దులుపుకోలేదు.

కబురు నాకు బిట్రగుంటలో అందింది. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం, మేముండేది అక్కడి కాలనీలో. కబురు తెచ్చిన మా పల్లె మనిషి గుమ్మం బయటే నిలబడి, "మీ పెద్దమ్మ పొయినాదమ్మా. కూచున్నది కూచున్నట్టే" అన్నాడు.

"కళ్లు?" అని అడిగాను.

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "మూసుకోనే ఉండాది" అన్నాడు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కాస్త ఊరట కలిగింది. చదివేవాళ్లకు ఇది వింతగా ఉంటుందని తెలుసు. ఎందుకు ఊరట కలిగిందో చెప్పాలంటే ఆమె కంటి సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మా పల్లె అల్లూరుకు తూర్పున, ఇసుక దిబ్బలు దాటాక ఉంటుంది. మా అమ్మ నన్ను కని పోయింది. అమ్మకు అక్క అయిన ఈ పెద్దమ్మే నన్ను పెంచింది. ఆమెకు వేరే పిల్లలు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు దాకా నడిచేది. నోరు పెద్దది. గంప ముట్టుకుని బేరం కుదరక వెళ్లిపోయేవాళ్లను ఊరు దాటేదాకా వదిలేది కాదు. నన్ను కొట్టిన రోజున మాత్రం రెండు ముద్దలు ఎక్కువ పెట్టేది, అది కూడా తిడుతూనే. అంత ప్రేమను మళ్లీ నేను ఎవరి దగ్గరా చూడలేదు.

మా పల్లెలో ఒక పట్టింపు ఉంది. మగవాడు వేటలో ఉన్నంతసేపు ఇంటి ఆడదాని కళ్లు ఖాళీగా ఉండకూడదు. ఖాళీ కళ్లంటే కాటుక లేని కళ్లు. ఖాళీ కంట్లోకి సముద్రం దిగుతుందనీ, దిగిన సముద్రం ఊరికే పోదనీ, పోతూ పోతూ ఒక మనిషిని అడుగుతుందనీ చెప్పేవాళ్లు. అందుకని తెప్పను నీళ్లలోకి నెట్టేముందు ప్రతి ఇంట్లోనూ కాటుక భరిణె మూత తీసిన చప్పుడు వినబడేది. చిన్నప్పుడు ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

ఆ భరిణెను ఎన్నడూ కడగరు. అడుగున మిగిలిన పాత కాటుక మీదే కొత్త మసీ, ఇంత వెన్నా వేసి వేలితో మెదుపుతారు, పాలకు తోడు వేసినట్టు. పాత కాటుక తోడు లేనిదే కొత్తది కంటికి పట్టదు అంటారు. మా ఇంట్లో ఉన్న ఇత్తడి భరిణె అమ్మమ్మది, అంతకుముందు ఆమె తల్లిది. కాటుక మధ్యలో చిన్న గుంట ఉండేది. అది అమ్మమ్మ వేలు పడిన చోటని పెద్దమ్మ చెప్పేది. పైన ఎంత కొత్త కాటుక మెదిపినా ఆ గుంటను పూడనిచ్చేది కాదు. తన వేలు అందులో పెట్టి, "మాయమ్మ వేలు పట్టుకున్నట్టే ఉంటుంది మే" అనేది. అలా అన్నప్పుడు ఆ పెద్ద నోరు చిన్నబోయేది.

నాకు పెళ్లయి బిట్రగుంట వచ్చాక కొన్నాళ్లకు పెద్దమ్మకు దాహం పట్టుకుంది. కుండ దగ్గర నుంచి లేచేది కాదు. మనిషి చిక్కిపోయింది. గుడిసె వెనక ఆమె వెళ్లి వచ్చిన చోట చీమలు చేరేవి. ఇసుకలో అంతదాకా పుట్ట కూడా కనిపించని వైపు నుంచి బారులు కట్టి వచ్చేవి. "నన్ను ఎతుక్కుంటా వొస్తుండాయి" అని నవ్వేది. అది జబ్బు అని మాకు ఎవరికీ తోచలేదు. చక్కెర జబ్బు మేడల్లో ఉండేవాళ్లదని మా లెక్క. పెద్దమ్మ నోట్లో చక్కెర పడేదే పండగ నాడు.

తర్వాత రెండు కళ్లలోనూ శుక్లం ముదిరింది. ఎక్కడో ఉచితంగా కళ్ల ఆపరేషన్లు చేస్తున్నారంటే ఊరివాళ్లతో కలిసి వెళ్లి ఎడమ కంటికి చేయించుకుంది. కట్టు విప్పకముందే కంట్లో చీము పట్టింది. ఆ కన్ను పోయింది. అదే రోజు, అదే చోట చేయించుకున్న మా పక్కింటి ముసలాయన చూపు వచ్చి ఇంటికి నడిచి వెళ్లాడు. ఈమెకు మాత్రం ఎందుకిట్లా అయిందో చెప్పేవాళ్లు లేకపోయారు. "సముద్రం ఒక కన్ను అడిగినాది, ఇచ్చినా. ఇంకోటి మాత్రం ఇయ్యను" అంది పెద్దమ్మ.

ఆ ఇంకో కన్ను కోసమే నేను ఆమెను నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. పెద్దనాన్నా వచ్చాడు. ఆ డాక్టరమ్మ కంటికన్నా ముందు మూత్రం పరీక్ష చేసింది. నీలం మందులో వేసి కాచితే ఇటుక రంగుకు తిరిగింది. చీమలు ఎందుకు వెతుక్కుంటూ వచ్చాయో అప్పుడు తెలిసింది. తర్వాత పెద్దమ్మ కుడి కంటి కింది రెప్ప లాగి, దూది చుట్టిన పుల్లతో లోపల తుడిచి తీసుకుపోయింది. నా కంట్లోనూ అలాగే తుడిచింది. "నాకేం జబ్బు లేదమ్మా" అన్నాను. "అందుకే నీది కూడా కావాలి" అంది.

రెండు రోజుల తర్వాత పిలిచి రెండు గాజు పళ్లేలు మా ముందు పెట్టింది. గొర్రె రక్తం కలిపి గడ్డ కట్టించిన ఎర్రటి జున్నులాంటిదేదో వాటిలో ఉంది. మా కళ్లు తుడిచిన దూదిని దాని మీద గీసి, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టారట. నా పళ్లెంలో అక్కడక్కడా తెల్లటి చుక్కలు, వెతికితేగాని కనబడవు. పెద్దమ్మ పళ్లెంలో దూది గీసిన గీత పొడుగునా బంగారు రంగు చుక్కలు మొలిచి ఉన్నాయి. ఒక్కొక్క చుక్క చుట్టూ ఎరుపు వెలిసిపోయి గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. రక్తాన్ని అవి తినేశాయట. గీత వంపు తిరిగి ఉందేమో, ఆ పళ్లెంలో నుంచి పెద్దమ్మ కన్నే నన్ను చూస్తున్నట్టు అనిపించి నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పెద్దమ్మ మాత్రం పళ్లేన్ని మసక కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుంది. "ఇయ్యి నా కంట్లో ఉండేటియ్యా?"

"అవును."

"ఇప్పుడు గూడా ఉండాయా?"

"ఇప్పుడు కూడా."

"నొప్పి లేదే. దురద గూడా లేదు గదమ్మా."

"నొప్పి లేదు కాబట్టే నాకు భయం" అంది డాక్టరమ్మ. కంటికి కనబడని ఈ సూక్ష్మజీవులు అందరి కళ్ల మీదా ఉంటాయనీ, కన్నీరు వాటిని ఎప్పటికప్పుడు కడిగేస్తుంటుందనీ చెప్పింది. చక్కెర జబ్బు ముదిరినవాళ్ల కంటి మీద అవి ఎక్కువగా, అందులోనూ ఇలాంటి చెడ్డ జాతివి తిష్ఠ వేయడం తాను చాలామందిలో చూశానంది. "పైన ఉన్నంతకాలం ఊరుకుంటాయి. ఆపరేషన్‌కని కత్తితో దారి తెరిస్తే లోపలికి పోతాయి. ఎడమ కంటికి జరిగింది అదే అయి ఉండాలి. చేసిన డాక్టరు చెయ్యి తప్పు కాదు. ఈ పళ్లెం ఖాళీ అయ్యేదాకా నేను ఈ కంటి మీద కత్తి పెట్టను."

పెద్దమ్మ పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "అద్దె లేదు, అలికేది లేదు, ఎట్ట కాపరం పెట్టినారో చూడు" అంది. ఆ రోజు నుంచి వాటిని కాపురస్తులనే పిలిచింది. పొద్దున్నే ముఖం కడుక్కుంటూ, "లేసినారా?" అని అడిగేది. సరదాకే అనేది, కాదనను. కానీ అడిగి ఒక క్షణం ఆగేది.

ఆసుపత్రిలో ఉంచి సూది మందులిచ్చారు, కంట్లో చుక్కలు వేశారు. పళ్లెం ఖాళీగా వచ్చింది. చక్కెర ఇంకాస్త దిగాక కోద్దామని ఇంటికి పంపారు. మళ్లీ వెళ్తే బంగారు చుక్కలు తయారు. మళ్లీ ఉంచారు, మళ్లీ పోయాయి. ఇంటికి వెళ్లి వస్తే మళ్లీ అవే. డాక్టరమ్మకు విసుగొచ్చింది. "ఇంట్లో కంట్లో ఏం పెడుతున్నావు? తేనా? ఆకు పసరా?" అని గట్టిగా అడిగింది.

"ఏందీ పెట్టను తల్లీ. సముద్రం సాచ్చిగా" అంది పెద్దమ్మ. అది అబద్ధం కాదు. ఆమె మనసులో అది నిజమే.

అంతకు తర్వాతిసారి పెద్దనాన్న వేటకు వెళ్లి రావడం ఆలస్యమై, బస్సు తప్పుతుందని ఉన్నపళంగా బయలుదేరారు. మామూలుగా ఆసుపత్రికి వెళ్లేముందు పెద్దమ్మ సున్నిపిండితో ముఖం తోముకునేది, డాక్టరమ్మ ముందు మురికిగా ఉండకూడదని. ఆ రోజు తోముకోలేదు. రెప్ప కింద తుడిచిన దూది నల్లగా వచ్చింది.

"ఇదేమిటి?"

"కాటికె."

"ఏమీ పెట్టనన్నావుగా?"

పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "కాటికె పెట్టేది గూడా పెట్టేదేనా తల్లీ? మాకది మొకం కడుక్కున్నట్టు గదా. ఆయన వేటకు పోతే పెట్టుకోవాల, అంతే."

పెద్దనాన్న ఆమెతో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వేట లేదు, కాటుక లేదు. ఇంటికి వెళ్లగానే వేట, వేటతో కాటుక. ఆయన తెప్ప ఎక్కినప్పుడల్లా అవి ఆమె కంట్లోకి దిగుతూ వచ్చాయన్నమాట. డాక్టరమ్మ ఆ భరిణె తెమ్మంది. పెద్దనాన్న పంచె చెంగున కట్టుకుని తెచ్చాడు. అందులో ఇసుమంత తీసి పళ్లెం మీద రాస్తే, అవే చుక్కలు, అదే బంగారు రంగు.

"ఆ భరిణెలో కాటుక పెట్టుకునే నేను పెరిగాను. మరి నాకేం కాలేదే" అన్నాను.

"నీ కంటికి వచ్చినవి చుట్టపుచూపుగా వచ్చి పోయాయి. మీ పెద్దమ్మ కంట్లో ఉండిపోయాయి. చక్కెర అలాంటి ఇల్లు కట్టి పెట్టింది వాటికి." తర్వాత డాక్టరమ్మ, తోడు సంగతి విని, నెమ్మదిగా అంది: "పాలను పెరుగు చేసేవి కూడా ఇలాంటి ప్రాణాలేనమ్మా. మీరు ఇన్ని తరాలుగా ఈ కాటుకకు తోడు వేస్తున్నారు. అందులో ఏదో ఒకటి బతుకుతూనే వచ్చింది."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. అమ్మమ్మ వేలి గుంటలో రోజూ వేలు పెట్టిన మనిషి ఆమె. "అయితే మాయమ్మ కాలం నాటియ్యా ఇయ్యి?" అని అడిగింది. ఏమో, చెప్పలేనంది డాక్టరమ్మ. "కాటుక మాత్రం ఈ జన్మకు మానెయ్యాలి. ఉన్నది ఒక్కటే కన్ను."

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో మొగుడూ పెళ్లాల మధ్య జరిగిన మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. పెద్దనాన్న మాటలు తక్కువ మనిషి. "మానెయ్యి. నా సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు.

"నువ్వేం చూసుకున్నావు ఇన్నాళ్లు? నేను చూసుకోబట్టే తిరిగొస్తుండావు."

"కన్ను లేకపోతే ఎట్ట బతుకుతావే?"

"నువ్వు లేకపోతే ఎట్ట బతకాల? కన్నుండి ఎవుర్ని చూడాల?"

ఆయన తల తిప్పుకున్నాడు. నేను అక్కడినుంచి లేచి వచ్చేశాను. నాకు ఆ పట్టింపు మీద నమ్మకం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. కానీ అది ఆమెకు మూఢనమ్మకం కాదు. కాపురం. అటు మొగుడు, ఇటు కన్ను. ఏదో ఒకటి వదులుకో అంటే ఏ ఆడది నోరు తెరుస్తుంది?

మర్నాడు పొద్దున ఆమే పిలిచి నాతో చెప్పింది. "ఖాళీ కంట్లోకి గదా సముద్రం దిగేది. మూసిన కన్ను ఖాళీ కాదు మే. తలుపేసిన ఇంట్లోకి ఎవురొస్తారు? ఆయన నీళ్ల మీద ఉన్నంతసేపు మూసుకోనే ఉంటా."

"రోజూనా?"

"వేటకు పొయిన ప్రతిరోజూ."

"చూపు కోసం ఇంత తిప్పలు పడి, వచ్చే చూపును మూసి పెట్టుకుంటావా?" అని కోపంగా అడిగాను.

"ఆయన వొచ్చినాక చూస్తా. చూడాల్సింది యాడికి పోతాది?" అంది.

పళ్లెం ఖాళీగా వచ్చింది. ఇంటికి వెళ్లి వచ్చాక కూడా ఖాళీగానే వచ్చింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. కట్టు విప్పిన రోజున పెద్దమ్మ సోడాబుడ్డి అద్దాల వెనక నుంచి మొదట పెద్దనాన్నను చూసి, "ఇంత ముసిలోడివి ఎప్పుడైనావు?" అంది. ఆయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ఆమె అన్న మాట ప్రకారమే నడుచుకుంది. తెప్ప నీళ్లలోకి దిగగానే అద్దాలు తీసి కొంగున ముడి వేసి, ఇసుకలో తన చోట కూర్చుని కళ్లు మూసుకునేది. ఎప్పుడూ ఒకే చోట కూర్చోబట్టి అక్కడ గుంట పడింది. మిగతా ఆడవాళ్లంతా కళ్లు కాయలు కాచేలా సముద్రం వంక చూస్తుంటే, ఈమె ఒక్కతే రెప్పలు వేసుకుని, వేళ్లతో తడుముకుంటూ వల కుట్టేది. పోయిన కన్ను, ఉన్న కన్ను ఒక్కలాగే ఉండేవి. పిల్లలు ఆమె ముందు నుంచి నడిచేవాళ్లు కాదు. చుట్టు తిరిగి పోయేవాళ్లు. పెద్దనాన్న ఒడ్డెక్కి, నీళ్లు కారుతూ ఆమె ముందుకు వచ్చి, "వొచ్చినానే" అనేవాడు. అప్పుడు తెరిచేది. ఆయన కాకుండా ఎవరు చెప్పినా తెరిచేది కాదు. ఒకసారి నేను తమాషాకు గొంతు మార్చి, "వొచ్చినానే" అన్నాను. రెప్ప కదల్లేదు. "ఆ మాటతో ఆడుకోమాక" అంది, అంతే.

ఒక పుట్టింటి రాకలో నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. గాలి సముద్రం మీద నుంచి వీస్తోంది. తెప్పలు కంటికి ఆనడం లేదు. వల కుడుతున్న ఆమె చేతులు ఆగాయి. "తెప్ప ఒకటి తేలికైనాది" అంది. ఏమంటున్నావని అడిగాను. మళ్లీ చెప్పలేదు. మధ్యాహ్నం అన్ని తెప్పలూ వచ్చాయి. ఒకదాని మీద ఒక మనిషి తక్కువ. గాలికి కేకలేవో ఆమె చెవిన పడి ఉంటాయని మా ఆయన అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ ఆ తర్వాత పల్లెలో ఆడవాళ్లు నీళ్ల మీదున్న తమవాళ్లు ఎలా ఉన్నారని ఆమెను అడగడానికి భయపడేవాళ్లు, అడక్కుండా ఉండటానికీ భయపడేవాళ్లు. పక్కన కూర్చుని ఊరికే కబుర్లు చెప్పేవాళ్లు, ఆమె చేతులనే చూస్తూ.

కళ్లు మూసుకుంటే ఏం కనబడుతుందని ఒకసారి అడిగాను. "కాపరస్తుల సద్దు" అంది. "ఇంకా ఉన్నారా?" అన్నాను. "కొంచెం మందే. మంచోళ్లే. డాక్టరమ్మ చెప్పలా, అందరి కండ్లలో ఉంటారని? నీ కంట్లో గూడా ఉండారు. నువ్వు పలకరించవు, అంతే తేడా" అంది.

నేను వెళ్లేసరికి ఆమెను గుడిసె ముందు పడుకోబెట్టారు. వేట నుంచి వచ్చిన పెద్దనాన్న ఆమె ముందు నిలబడి, "వొచ్చినానే" అని ఎన్నిసార్లు అన్నాడో చూసినవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పలేక చెప్పారు. ముత్తైదువగా పోయింది కనుక పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు పెట్టారు. అప్పుడాయన లోపలికి వెళ్లి, ఇంటి కప్పులో దోపి ఉన్న గుడ్డమూట దించి నా చేతికిచ్చాడు. ఆ భరిణే. ఆపరేషన్ నాటి నుంచి ఎవరూ మూత తీయలేదు. "ఇంక బయం లేదు గదా. పెట్టు. వాళ్లమ్మది" అన్నాడు.

మూత తీశాను. ఎండి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను. మెత్తగా, తడిగా మెరుస్తోంది. మధ్యలో గుంట అలాగే ఉంది. వేలు పెడితే నాకూ సరిగ్గా సరిపోయింది. ఆమె కుడి రెప్ప లేపి, చల్లటి కంటి కింద గీత గీశాను. లోపల కాపురస్తులు ఇంకా ఉండే ఉంటారు. ఇంటావిడ పోయిన సంగతి వాళ్లకు తెలుసో లేదో. వాళ్ల పాతవాళ్లను మళ్లీ తెచ్చి కలిపానేమో కూడా అనిపించింది. తల్లి వేలు మాత్రం ఇన్నాళ్లకు ఆమె కంటికి తగిలింది. ఆ రెప్ప నేనే మూశాను. భరిణెను ఆమెతోనే పంపేశాం.

పెద్దదినం అయ్యాక పెద్దనాన్న వేటకు బయలుదేరాడు. వద్దని ఎవరూ అనలేకపోయాం. అది తప్ప ఆయనకు ఇంకేం తెలుసు? తెప్ప నీళ్లలోకి దిగుతుంటే నేను ఒడ్డున ఒక్కదాన్నే నిలబడ్డాను. ఆ ఇంటికి మిగిలిన ఆడదాన్ని నేనే. నా కళ్లకు కాటుక లేదు, పెట్టుకోవడానికి ఇంట్లో భరిణె లేదు. ఎదురుగా అంత సముద్రం. నాకు ఎన్నడూ వేయని భయం వేసింది. పెద్దమ్మ గుంటలో కూర్చుని కళ్లు మూసుకున్నాను.

మొదట కెరటాల హోరు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి అది కూడా వెనక్కి తగ్గింది. రెప్పల కింద ఏదో మెల్లగా కదిలినట్టయింది. తుడుచుకోబోయి ఆగాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది, మెడ మీద చీమ ఒకటి పాకింది, అయినా తెరవలేదు. చివరికి తడి ఇసుకలో అడుగులు వినబడ్డాయి. నా ముందుకు వచ్చి ఆగాయి. చాలాసేపు ఏ మాటా రాలేదు.

"వొచ్చినానే" అన్నాడు పెద్దనాన్న.

ఎవరితో అన్నాడో నేను అడగలేదు. కళ్లు తెరిచాను.